సిగ్గును సాకుగా చూపవద్దు, సదుపాయం కల్పించండి

కాస్త రక్తమిస్తే చాలు, రొమ్ము క్యాన్సర్‌ను ముందే పసిగట్టవచ్చునన్న ప్రచారం సాగుతున్నది. దుస్తులు తొలగించనక్కరలేదు, పరపురుషుని ఎదుట నిలబడనక్కరలేదు. పరదా పాటించే ఇళ్లను ఈ మాట ఆకర్షించడం సహజం. కనుకనే నిజం తెలుసుకోవాలి.

సీఏ 15-3 అనే రక్త పరీక్ష ప్రధానంగా, వ్యాధి నిర్ధారణ అయినవారిలో చికిత్స ఫలితాన్ని గమనించడానికి ఉద్దేశించినది. తొలి దశలో చాలామందికి అది మామూలుగానే ఉంటుంది. కణితి నుంచి రక్తంలోకి చేరే డీఎన్‌ఏను వెతికే కొత్త పరీక్షలకూ పరిమితులున్నాయి. చిన్న కణితి విడిచే డీఎన్‌ఏ అత్యల్పం. అమెరికాకు చెందిన గాలరీ పరీక్షపై 2021లో వెలువడిన అధ్యయనంలో, తొలి దశ రొమ్ము క్యాన్సర్లలో నూటికి మూడింటిని కూడా అది గుర్తించలేదు. మన దేశంలోనూ 2022లో ఒక రక్త పరీక్ష ఆరు వేల రూపాయల ధరతో మార్కెట్‌లోకి వచ్చింది. రొమ్ము క్యాన్సర్ మరణాలను తగ్గించినట్లు ఏ రక్త పరీక్షా ఇంతవరకు రుజువు చేయలేదు.

రుజువైన మార్గం వేరే ఉన్నది. ముంబయిలో టాటా మెమోరియల్ ఆసుపత్రి 1998లో ఆరంభించి, లక్షన్నర మంది పేద మహిళలతో ఇరవై ఏళ్లు సాగించిన అధ్యయనంలో, వారిలో సగం మందిని శిక్షణ పొందిన మహిళా కార్యకర్తలు రెండేళ్లకొకసారి చేతితో పరీక్షించారు. 50 ఏళ్లు, ఆపై వయసువారిలో మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి.

30 ఏళ్లు దాటిన మహిళలకు ఇటువంటి పరీక్ష అయిదేళ్లకొకసారి జరగాలని కేంద్రం 2016లోనే నిర్దేశించింది. తెలంగాణ ప్రభుత్వం 2023 మార్చి 8న 'ఆరోగ్య మహిళ' మంగళవారం క్లినిక్కులను ప్రారంభించింది. ఇవి దయాదానాలు కావు, హక్కులు.

2008 నుంచి శంషాబాద్ మీదుగా ప్రపంచమంతటికీ విమానాలు ఎగురుతున్నాయి. ఆ విమానాశ్రయం చెంతనున్న పహాడీ షరీఫ్, జల్‌పల్లి బస్తీల మహిళ మాత్రం ప్రభుత్వ క్యాన్సర్ వైద్యానికి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆసుపత్రి దాకా వెళ్లవలసిందే. 'ముస్లిం స్త్రీలు పరీక్షకు రారు' అనేవారిని అడుగుదాం: పరీక్షించడానికి మహిళ ఉన్నదా? తెర కట్టిన గది ఉన్నదా? ఉర్దూలో వివరించేవారున్నారా?

కుటుంబ పెద్దలారా! రొమ్ములో గడ్డ కనిపిస్తే రక్త పరీక్ష కాగితాన్ని నమ్మి ఊరుకోకండి, వెంటనే వైద్యురాలి వద్దకు తీసుకువెళ్లండి. కార్యకర్తలారా! ప్రతి బస్తీ దవాఖానాలో శిక్షణ పొందిన మహిళా సిబ్బందిని నియమించాలని వినతిపత్రాలివ్వండి, జవాబు వచ్చేదాకా అడగండి.