విమానాలు కొంటే సరిపోదు

ఉత్తర సైప్రస్‌కు ప్రభుత్వ విమానయాన సంస్థ ఉంటే అక్కడివారి ఒంటరితనం తీరుతుందన్న మీ వ్యాసం అసలు అడ్డంకిని విస్మరించింది. అక్కడి విమానయాన సంస్థ సైప్రస్ టర్కిష్ ఎయిర్‌లైన్స్ 1974లో పుట్టి, 2010లో మూతపడింది. లోటు విమానాలది కాదు, గుర్తింపుది. 1983లో స్వతంత్ర రాజ్యంగా ప్రకటించుకున్న ఉత్తర సైప్రస్‌ను టర్కీ ఒక్కటే గుర్తించింది. అందుకే లండన్ నుంచి అక్కడి ఎర్జాన్ విమానాశ్రయానికి వెళ్లాలన్నా టర్కీలో దిగాల్సిందే. నేరుగా విమానాలు నడుపుతామని సైప్రస్ టర్కిష్ ఎయిర్‌లైన్స్ వేసిన పిటిషన్‌ను 2009లో బ్రిటన్ హైకోర్టు తోసిపుచ్చింది. 1944 నాటి షికాగో పౌర విమానయాన ఒప్పందం ప్రకారం ఉత్తర భాగంపైనా సైప్రస్ రిపబ్లిక్‌కున్న హక్కులే అందుకు ఆధారం. కొత్త సంస్థకూ ఇదే చిక్కు. టర్కిష్ సైప్రియట్ల ప్రయాణ కష్టం నిజమైనదే. రాజకీయ ఒప్పందం కుదరనిదే అది తీరదు. ప్రజాధనాన్ని మళ్లీ నష్టాల్లోకి నెట్టవద్దు.

– ఒక విశ్రాంత ఉద్యోగి, కాకినాడ