ఓడమల్లయ్య వదలడు

యేరు దాటిందాకా ఓడమల్లయ్య, దాటాక బోడిమల్లయ్య అని మనవాళ్ళు సామెత చెబుతారు. అవసరం తీరగానే మనిషిని మరచిపోయేవాణ్ణి గురించి ఆ మాట పుట్టిందని యిరవై యేళ్ళుగా నేను క్లాసులో చెబుతూనే వున్నాను. కాని 2025 వేసవిలో నాకు తెలిసివచ్చిన సంగతి వేరు. యీ రోజుల్లో మనం ఓడ దిగి యింటికి వచ్చినా మల్లయ్య మనల్ని వదలడు. మన సంచీ మూతి పట్టుకుని యింకా కొన్నాళ్ళు మనతోనే వుంటాడు. నా విషయంలో తొమ్మిది రోజులు వున్నాడు. ఆ తొమ్మిది రోజుల ముచ్చటే యీ వారం చెప్పబోతున్నాను.

మాది రెడ్డిగూడెం దగ్గర పల్లె. మా వైపు సంగతి తెలిసినవారికి మామిడి తోటల సంగతి చెప్పనక్కరలేదు. మాకు మూడెకరాల తోట వుంది. నాన్నకు ఎనభై దాటాయి. తోట పూత మీద వుండగానే వ్యాపారికి గుత్తకిచ్చేస్తాం. అతను మూడు వాయిదాల్లో డబ్బు చెల్లిస్తాడు. నాన్నకు సెల్‌ఫోను ద్వారా డబ్బు పుచ్చుకోవటం చేతకాదు గనక, మొదటి రెండు వాయిదాల తాలూకు లక్షా ముప్ఫై వేలూ నా ఖాతాలో పడ్డాయి. ఆ డబ్బు దేనికో కూడా ముందే నిర్ణయమై వుంది. నాన్న పేర బ్యాంకులో పంట అప్పు లక్షా యిరవై వేలు వుంది. వడ్డీతో కలిసి లక్షా ఇరవై ఎనిమిది వేల నాలుగువందలు గడువులోగా కట్టాలి. మూడు లక్షలలోపు పంట అప్పుకు నూటికి యేడు వడ్డీ. గడువు తప్పకుండా కట్టినవారికి అందులో మూడు వెనక్కి వస్తుంది. అంటే మాకు మూడువేల ఆరువందలు. ఆ మాటకొస్తే నాన్న లెక్క ఆ మూడువేల ఆరువందలది కాదు. యాభై యేళ్ళలో ఆయన ఒక్క వాయిదా తప్పలేదు. ఒకరి గడప ఎక్కి చేబదులు అడగలేదు. కరవు యేడు కూడా ఆయన రికార్డు అదే.

యిలా వుండగా సింగపూరులో వుద్యోగం చేస్తున్న మా బావమరిది ఫోను చేశాడు. "బావగారూ, అక్కనూ పిల్లల్నీ తీసుకుని రండి. నాలుగు రాత్రులు ఓడ ప్రయాణం. టికెట్లు నావి. ఓడలో చిల్లర ఖర్చులు మాత్రం మీవి" అన్నాడు. చిల్లర అన్న మాట నన్ను నమ్మించింది సుమండీ!

నా ఖాతాలో నా సొంత డబ్బు యాభై ఆరువేలు వుంది. మొత్తం లక్షా ఎనభై ఆరువేలు. యెంత తిరిగినా యాభై ఆరువేలు దాటదనీ, గుత్త డబ్బు జోలికి పోననీ లెక్క వేసుకున్నాను. సోమవారం అప్పు గడువు. మేము శనివారం రాత్రికి యిల్లు చేరతాం. నాన్న వొకటికి రెండుసార్లు, "అబ్బాయ్, సోమవారం గుర్తుందిగా?" అని అడిగారు. "నా జేబులో వున్నట్టే అనుకో నాన్నా" అన్నాను.

మేము పోయిన నీటిదారి మనవాళ్ళకు కొత్తదేమీ కాదు. 1926లో కట్టిన 'రజూలా' అనే స్టీమరు మద్రాసు నుంచి నాగపట్నం మీదుగా పెనాంగుకూ, సింగపూరుకూ 1973 దాకా తిరిగింది. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో రంగూను స్టీమరు ఎక్కి కూలికి పోయినవారికయితే లెక్కే లేదు. వాళ్ళంతా డెక్కు ప్రయాణీకులు. చాప పరిచినంత మేర వాళ్ళ యిల్లు. మూటలో అటుకులుంటే తిండి. రొంటిన డబ్బుంటే ఖర్చు, లేకపోతే లేదు. యెంత కష్టమైన ప్రయాణమైనా, రేవులో కాలు పెట్టేసరికి ఓడకూ వాళ్ళకూ లెక్క సరి.

యిప్పటి విహార నౌకలో రొంటిన డబ్బుకు మర్యాద లేదు. ఎక్కేటప్పుడే మనిషికొక అట్టముక్క యిస్తారు. అది గదికి తాళం, భోజనానికి చీటీ, అంగట్లో డబ్బు, అన్నీ అదే. ఆ అట్ట వెనకాల యేదో వొక బ్యాంకు కార్డు వుండాలి. గల్లా దగ్గర అమ్మాయి, "క్రెడిట్ కార్డా, డెబిట్ కార్డా, లేక నగదు ధరావతు కడతారా?" అని యెంతో మర్యాదగా అడిగింది. నేను ఛాతీ విరుచుకుని డెబిట్ కార్డు తీశాను. అప్పు చేసి పప్పుకూడు తినే వంశం కాదు మాది! క్రెడిట్ కార్డు అంటే అప్పు, డెబిట్ కార్డు అంటే మన సొమ్ము మనం తినటం. యింతవరకే నా అర్థశాస్త్రం.

కార్డు గీసి యిచ్చింది. డబ్బు యేమీ తీసుకున్నట్టు కనబడలేదు. సముద్రం చూశాం. పెనాంగులో దిగాం. పిల్లలు ఐస్‌క్రీములు తిన్నారు. ఫోటోగ్రాఫరు మా ఆవిడ చేత నవ్వించి మరీ ఫోటోలు తీశాడు. ఆఖరి రాత్రి గది తలుపుకింద నుంచి బిల్లు లోపలికి వచ్చింది. మా ఆవిడ చదివి, "ఏమండీ, ఈ రెండువందల యాభై ఆరు డాలర్లు యేమిటీ?" అంది. అది సేవకుల బహుమానమట. మనిషికి రాత్రికి పదహారు డాలర్లు, నలుగురికి నాలుగు రాత్రులు. మనం యివ్వకుండానే తీసుకునే బహుమానం! పెనాంగులో బస్సుకు వంద, ఫోటోలకు ఎనభై, అమ్మాయి యింటర్నెట్టుకు అరవై, కాఫీలూ ఐస్‌క్రీములకు అరవై నాలుగు. వెరసి అయిదువందల అరవై డాలర్లు. అప్పటి ధరలో నలభై ఏడువేల ఆరువందల రూపాయలు. దానిమీద విదేశీ మారకానికి బ్యాంకు వేసే రుసుమూ, ఆ రుసుముపై పన్నూ కలిపితే నలభై తొమ్మిదిన్నర వేలు. గుండె కలుక్కుమన్నా, యాభై ఆరులోపే గదా అని తృప్తిపడ్డాను.

ఆదివారం ఉదయం యింట్లో కాఫీ తాగుతూ ఖాతా చూశాను. లక్షా ముప్ఫై ఆరువేలు వుండాలి. ఎనభై ఎనిమిదివేల తొమ్మిదివందలు వుంది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. అంతే వుంది.

మరునాడు పొద్దున్నే బ్యాంకు వారిని అడిగితే అసలు రహస్యం చెప్పారు. ఓడ ఎక్కేటప్పుడు ఆ అమ్మాయి గీసింది వుత్తినే కాదు. మనిషికి వంద చొప్పున నాలుగువందల డాలర్లు 'హోల్డ్' పెట్టింది. మా ఖర్చు అది దాటినకొద్దీ మరో నూట అరవైకి హోల్డ్ పడింది. ఆఖరి రోజు అసలు బిల్లు వేరుగా ఖాతాలో నుంచి పోయింది. బిల్లు పోయింది గాని, హోల్డ్ వదలలేదు. ఓడవారు విడుదల చేసిన మాట బ్యాంకుకు చేరాలి, లేదా దాని గడువు దానంతట అది తీరాలి. అంతదాకా నలభై ఏడువేల ఆరువందలు నావే గాని నావి కావు. సింగపూరు సిమ్ము వేసుకుని తిరిగాను గనక, బ్యాంకు పంపిన కబుర్లేవీ నాకు చేరలేదు.

మా వైపు భాషలో చెప్పాలంటే యిది బయానా. బేరం కుదిరినప్పుడు కొనేవాడు బయానా యిస్తాడు. తరువాత ఆఖరు లెక్కలో దాన్ని మినహాయించుకుంటాడు. ఓడవాడి బయానాలో మినహాయింపు యేమీ లేదు. బయానా బయానాగా వుంటుంది, సొమ్ము సొమ్ముగా కట్టాలి, తరువాత యెప్పుడో బయానా వెనక్కి వస్తుంది. క్రెడిట్ కార్డు మీద కూడా యిలాగే హోల్డ్ పెడతారు. కాని అక్కడ బిగుసుకునేది బ్యాంకు మనకిచ్చిన అప్పు హద్దులో వొక ముక్క. డెబిట్ కార్డు మీద బిగుసుకునేది మన అన్నం మెతుకు. అప్పంటే భయపడి నేను తీసిన కార్డే, యింటికి అప్పు తెచ్చిపెట్టే స్థితికి వచ్చింది.

నాన్నతో చెప్పక తప్పలేదు. ముప్ఫై తొమ్మిదిన్నర వేలు తక్కువ. గడువు ఆ రోజే. నెలాఖరు గనక నా జీతం యింకా పడలేదు. "స్నేహితుల్ని అడుగుతాను నాన్నా" అన్నాను. ఆయన కసురుకుంటే బాగుండుననిపించింది. కసరలేదు. "పోయిన డబ్బు కాదుగా?" అని మాత్రం అడిగారు. "కాదు. వస్తుంది." "యెప్పుడు?" "తెలియదు." ఆ మాటకు ఆయన కండువా భుజాన వేసుకుని, చేతికర్ర తీసుకుని బయలుదేరారు. వెనకాల నేను.

తిన్నగా మామిడి వ్యాపారి షెడ్డుకు పోయారు. కాయ యెగుమతి జోరు మీద వుంది. అతను కుర్చీలో నుంచి లేచి నిలబడ్డాడు. మూడో వాయిదా కోత పూర్తయ్యాక యివ్వాలి. యింకా పదిహేను రోజులు టైము వుంది. నాన్న నిలబడే, "మూడో వాయిదాలో నలభై వేలు ముందుగా సర్దగలవా?" అన్నారు. అతను వెంటనే ఫోను తీశాడు. డబ్బు పంపిస్తూ, "మీరు అడగటమేమిటి బాబాయ్!" అన్నాడు. యెంతో గౌరవంగా అన్నాడు. నాన్న మాత్రం ఆ మాట విని తల పక్కకు తిప్పుకున్నారు. తోటలో కొమ్మ విరిగినప్పుడు కూడా ఆయన ముఖం అలా చూడలేదు నేను.

మధ్యాహ్నం రెండు గంటలకు అప్పు కట్టేశాం. రశీదు నాన్నే అందుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నారు. దారిలో యేమీ మాట్లాడలేదు.

తొమ్మిదో రోజున నలభై ఏడువేల ఆరువందలూ చడీచప్పుడు లేకుండా ఖాతాలో కనిపించాయి. పరుగున వెళ్ళి చెప్పాను. "సరే, డబ్బు తిరిగొచ్చింది. నేనడిగిన మాటో?" అన్నారు నాన్న. దానికి యే బ్యాంకులోనూ జవాబు లేదు.

పాఠకులకు నేను చెప్పగలిగింది యింతే. ఓడ ఎక్కే ముచ్చట మనకు యిప్పుడు మరీ దూరం కాదు. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి చెన్నైకి విహార నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో అక్కడి రేవులో విహార నౌకల కోసం టెర్మినల్ కూడా ప్రారంభించారు. రేపు మీరూ పిల్లలతో వెళ్ళవచ్చు. వెళ్ళేముందు ప్రయాణం డబ్బు మాత్రమే వుండే వేరే ఖాతా వొకటి తెరిచి, దాని కార్డే తీసుకుపోండి. జీతం, ఫీజులు, అప్పు వాయిదాలు వుండే ఖాతా కార్డును బీరువాలో పెట్టి తాళం వేయండి. బిల్లు యెంత అవుతుందనుకుంటారో దానికి రెట్టింపు ఆ ఖాతాలో వుంటేనే నిశ్చింత. రిజర్వు బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధనల ప్రకారం, కొత్త కార్డు మనం తెరిస్తేనే విదేశంలో పనిచేస్తుంది. యెంతవరకు పనిచేయాలో హద్దు పెట్టే వీలు కూడా మన చేతిలోనే వుంది. నేను తలుపు తెరిచాను గాని గొళ్ళెం సంగతి మరిచాను. ఎక్కేటప్పుడు, హోల్డ్ యెంత, యెన్నాళ్ళు అని నోరు తెరిచి అడగండి. అడగటం నామోషీ అనుకుంటే, తరువాత మీ బదులు మరొకరు అడగవలసి వస్తుంది.

మొన్న సంక్రాంతికి నాన్న వున్నట్టుండి, "ఆ ఓడలో కాఫీ యెంతరా?" అన్నారు. నాలుగు డాలర్లని చెప్పాను. మనసులో లెక్క కట్టి, మూడువందల నలభై అని నిట్టూర్చారు. కాసేపటికి, "నగదు ధరావతు కూడా పుచ్చుకుంటారన్నావు గదూ?" అన్నారు. "పుచ్చుకుంటారు. మిగిలింది దిగేముందు లెక్కకట్టి చేతికిస్తారు" అన్నాను.

"అయితే విశాఖపట్నంలో ఓడ వున్నప్పుడు నన్నోసారి ఎక్కించు. డబ్బు నేను రొంటిన పెట్టుకొస్తా. నువ్వు మాత్రం కార్డు తేవద్దు."