కోసుకున్న పన్ను రైతుకు తిరిగి రావాలి

యూరియా బస్తా కోసం తెల్లవారుజాము నుంచి క్యూలో నిలబడుతున్న ఈ రోజుల్లో ఆదాయపు పన్ను గురించి రాయడం ఏమిటని కొందరు రైతు సోదరులకు అనిపించవచ్చు. కానీ ఈ మధ్య ఏ మండలంలో సమావేశం పెట్టినా ఒక ప్రశ్న తప్పకుండా వస్తోంది. "వ్యవసాయానికి పన్ను లేదంటారు. మరి బ్యాంకులో మా వడ్డీ ఎందుకు కోశారు?" ఆ కోతలో పోయేది కష్టార్జితం. అది తిరిగి వచ్చే దారి చట్టంలోనే ఉంది. తెలియక వదిలేస్తున్నాం.

ముందుగా మూల విషయం చూద్దాం. రాజ్యాంగం ప్రకారం వ్యవసాయ ఆదాయంపై పన్ను వేసే అధికారం రాష్ట్రాలదే, కేంద్రానిది కాదు. అందుకే 1961 ఆదాయపు పన్ను చట్టం 10(1) సెక్షన్ ఆ ఆదాయాన్ని మినహాయించింది. సొంతంగా పండించినా, కౌలుకు చేసినా, భూమి కౌలుకిచ్చి కౌలు తీసుకున్నా అది వ్యవసాయ ఆదాయమే. నర్సరీలో పెంచిన నారు, మొక్కలు కూడా ఇందులోకే వస్తాయి. కడియం రైతులు ఇది గుర్తుంచుకోవాలి. అయితే పాడి, కోళ్లు, చేపలు, రొయ్యల ఆదాయం వ్యవసాయ ఆదాయం కాదు. బ్యాంకు వడ్డీ కూడా కాదు. పంట అమ్మిన డబ్బే డిపాజిట్ చేసినా దానిపై వచ్చే వడ్డీ వేరే ఆదాయం. చిక్కంతా ఇక్కడే మొదలవుతోంది.

ఒక లెక్క చూద్దాం. కూతురి పెళ్లి కోసం 10 లక్షలు బ్యాంకులో వేసుకున్న రైతుకు 7 శాతం చొప్పున ఏడాదికి 70 వేల వడ్డీ వస్తుంది. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే, 60 ఏళ్లు నిండినవారికైతే లక్ష దాటితే, 10 శాతం టీడీఎస్ కోస్తారు. అంటే 7 వేలు పోతాయి. పాన్ ఇవ్వకపోయినా, పాన్‌ను ఆధార్‌తో కలపకపోయినా 20 శాతం, అంటే 14 వేలు పోతాయి. నిజానికి వేరే ఆదాయం లేని ఈ రైతు కట్టాల్సిన పన్ను సున్నా. కొత్త పద్ధతిలో 2025-26 ఆర్థిక సంవత్సరానికి 4 లక్షల వరకు అసలు పన్నే లేదు.

1961 చట్టం కింద కోత పడకుండా ఉండాలంటే ఏప్రిల్ నెలలోనే బ్యాంకులో ఫారం 15జి ఇవ్వాలి. 60 ఏళ్లు నిండినవారు 15హెచ్ ఇవ్వాలి. డిపాజిట్ ఉన్న ప్రతి బ్యాంకులోనూ, ప్రతి ఏడాదీ ఇవ్వాలి. అయితే పన్ను పడే ఆదాయం ఉండి కూడా ఈ ఫారం ఇవ్వడం తప్పుడు ప్రకటన అవుతుంది. ఇప్పటికే కోసి ఉంటే రిటర్ను వేసి రీఫండ్ తీసుకోవాలి. 2024-25 సంవత్సరానికి గడువు 2025 సెప్టెంబరు 16తో ముగిసింది. అది దాటినా 2025 డిసెంబరు 31 వరకు వేసే వీలుండేది. పన్ను పడే పరిమితి లోపు ఆదాయం ఉన్నవారికి ఆలస్య రుసుము కూడా ఉండదు. మన పేరున ఎంత కోశారో 26ఏఎస్ పత్రంలో కనిపిస్తుంది.

"రిటర్ను వేస్తే పీఎం కిసాన్ పోతుందేమో" అన్న భయం చాలామందిలో ఉంది. పథకం మార్గదర్శకాల్లో ఉన్నది గత మదింపు సంవత్సరంలో ఆదాయపు పన్ను కట్టినవారికి వర్తించదని. కోసిన సొమ్ము వెనక్కి అడిగేవాడు, పన్ను కట్టినవాడు ఒకటి కాదు. ఈ తేడా చూడకుండా ఎవరి పేరైనా తీసేస్తే సంఘం దృష్టికి తీసుకురండి.

రెండో ప్రశ్న భూసేకరణ పరిహారం గురించి. 2013 భూసేకరణ చట్టం కింద ఇచ్చిన అవార్డుపైనా, ఒప్పందంపైనా ఆదాయపు పన్ను ఉండదని ఆ చట్టం 96వ సెక్షన్ చెబుతోంది. ప్రైవేటు కొనుగోళ్లకు చెందిన 46వ సెక్షన్ ఒక్కటే దీనికి మినహాయింపు. ప్రత్యక్ష పన్నుల కేంద్ర బోర్డు 2016 అక్టోబరులో సర్క్యులర్ 36 ద్వారా ఇదే స్పష్టం చేసింది. అందుకే చెక్కు తీసుకునే ముందు అవార్డు ఏ చట్టం కింద ఇచ్చారో చదివించుకోవాలి. ఆలస్యానికి ఇచ్చే వడ్డీని మాత్రం వేరుగా చూస్తారు.

మూడోది, ఉద్యోగస్తులున్న ఇళ్ల ప్రశ్న. ఇతర ఆదాయం పన్ను పరిమితి దాటి, వ్యవసాయ ఆదాయం 5 వేలు మించితే ఆ రెండూ కలిపి రేటు లెక్కిస్తారు. 1973 నుంచి ఈ పద్ధతి ఉంది. తగ్గింపులు పోను 14 లక్షల జీతమున్న వ్యక్తికి 2025-26లో పన్ను 90 వేలు. అతనికే 2 లక్షల వ్యవసాయ ఆదాయం ఉంటే సెస్సు కాక లక్షా 10 వేలు అవుతుంది. పొలం మీద పన్ను లేదంటూనే పొలం చూపి 20 వేలు ఎక్కువ తీసుకుంటున్నారు.

ఇక ఏజెంట్ల సంగతి. "రీఫండ్ తెప్పిస్తాం, వచ్చినదాంట్లో వాటా ఇవ్వండి" అంటూ లేని బీమా, లేని ఇంటి అప్పు చూపించేవాళ్లు ఊళ్లలో తిరుగుతున్నారు. బోగస్ మినహాయింపులపై పన్ను శాఖ 2025 జులైలో దేశవ్యాప్తంగా తనిఖీలు జరిపింది. దొరికాక నోటీసు ఏజెంటుకు రాదు, మనకే వస్తుంది. నల్లడబ్బును పంట ఆదాయంగా చూపుకోవడానికి పట్టా పాస్‌బుక్ నకలు అడిగేవాళ్లకూ ఇవ్వకండి. వాళ్ల దొంగ లెక్కల వల్లే రైతులందరి మీదా పన్ను వేయాలనే వాదన బలపడుతోంది.

రైతు పన్ను కట్టడనేవారికి మా జవాబు ఒకటే. ఎరువుపై 5 శాతం, పురుగుమందుపై 18 శాతం జీఎస్టీ కడుతున్నాం. వ్యాపారి తాను కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి పొందుతాడు. పంటపై జీఎస్టీ లేదు కనుక రైతుకు ఆ క్రెడిట్ లేదు. కట్టింది కట్టినట్టే పోతుంది.

2025 కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. అందులో సెక్షన్ల నంబర్లు వేరు. మేము కోరేది ఇదీ. టీడీఎస్ కోత పడకుండా ఇచ్చే ఫారాలు ప్రతి బ్యాంకు శాఖలో తెలుగులో ఉండాలి. డిపాజిట్ చేసే రోజే వాటి గురించి రైతుకు చెప్పాలి. భూసేకరణ అవార్డు కాగితం మీదే పన్ను వర్తిస్తుందో లేదో రాయాలి. 5 వేల పరిమితిని నేటి ధరలకు తగ్గట్టు పెంచాలి. ఎరువులు, పురుగుమందులపై జీఎస్టీ ఎత్తేయాలి.

సంఘం మండల శాఖలు ఈ నెలలోనే గ్రామాల్లో కూర్చొని, పాన్-ఆధార్ అనుసంధానం, 26ఏఎస్ సరిచూడటం, రిటర్ను వేయడంలో సాయపడాలి. చదువుకున్న యువకులు ఒక్కొక్కరు పది మంది రైతుల కాగితాలు చూసినా చాలు. మన డబ్బు అడగడానికి మొహమాటం అక్కర్లేదు.