బిల్లు వెంట మరో కాగితం

శాసనసభలో పెట్టే బిల్లు వల్ల ఖజానా మీద భారం పడేటట్టయితే, అది ఎంతో చెప్పే ఆర్థిక వివరణ పత్రం జతచేయాలన్నది నియమం. అదే బిల్లు ఏ కులానికి సీటు తెచ్చిపెడుతుందో, ఏ కులం నోటికాడి కూడు లాగేస్తుందో చెప్పే కాగితం మాత్రం ఎవరూ అడగరు. ఈ లోటుకు ఎంత మూల్యం చెల్లించాలో తెలియాలంటే తమిళనాడులోని ధర్మపురి వైపు చూడాలి. వన్నియర్లు బలంగా ఉన్న జిల్లా అది. వాళ్ల గోడు ఉత్తుత్తిది కాదు. 1987లో ప్రత్యేక కోటా కోసం రోడ్లు దిగ్బంధించిన ఉద్యమంలో ఆ కులం వాళ్లు 21 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1989లో కరుణానిధి ప్రభుత్వం అత్యంత వెనుకబడిన తరగతులకు 20 శాతం ఇచ్చింది గానీ, అందులో వన్నియర్లతో పాటు వందకు పైగా కులాలు చేరాయి.

సరిగ్గా ఎన్నికల తేదీలు ప్రకటించిన రోజే, 2021 ఫిబ్రవరి 26న, ఆ 20 శాతాన్ని మూడు ముక్కలు చేసే బిల్లును సభ ఆమోదించింది. వన్నియకుల క్షత్రియులకు 10.5, సంచార జాతులు సహా 93 కులాలకు 7, మిగిలిన 22 కులాలకు 2.5 శాతం. మిగతా 115 కులాల్లో చేపలు పట్టే మీనవర్లున్నారు, మన చాకలి, మంగలి కులాలకు సాటివచ్చే వణ్ణార్, మరుత్తువర్లున్నారు, ఇంట్లో తెలుగే మాట్లాడే తొట్టియ నాయకర్లున్నారు. అంతకు ముందు అయిదేళ్లలో ఎంబీబీఎస్ సీట్లలో, గ్రూప్ ఉద్యోగాల్లో వీళ్లలో ఎవరికెన్ని దక్కాయో, కొత్త వాటాలతో ఎవరికెన్ని తగ్గుతాయో చూపే పట్టిక సభ్యుల చేతిలో ఉండుంటే చర్చ మరో తీరుగా నడిచేది. చేతిలో ఉన్నదల్లా 1980ల నాటి అంబాశంకర్ కమిషన్ జనాభా లెక్కలు. మద్రాసు హైకోర్టు అదే ఏడాది నవంబరు 1న చట్టాన్ని కొట్టేసింది. 2022 మార్చి 31న సుప్రీంకోర్టు తీర్పు ఇంకా సూటిగా ఉంది: వెనుకబడిన తరగతులను విభజించే అధికారం రాష్ట్రానికి ఉంది, కానీ ఈ ఒక్క కులాన్ని తక్కిన 115 కులాల నుంచి విడదీయడానికి తగిన ఆధారం లేదు. మధ్యలో ఆ కోటా కింద కాలేజీల్లో చేరిన పిల్లలు నెలల తరబడి బిక్కుబిక్కుమంటూ గడిపారు. ఆ తర్వాత గానీ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు లెక్కలు తేల్చే పని అప్పగించలేదు. పెళ్లయ్యాక జాతకాలు చూసినట్టు.

ఇదే రాష్ట్రం 2009లో అరుంధతీయులకు ఎస్సీల 18 శాతంలో 3 శాతం కేటాయించింది. ఆ జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర, తోటి పేర్లున్నాయి కాబట్టి ఇది మనకు పరాయి సంగతి కాదు. చట్టానికి ముందే జస్టిస్ జనార్దనం కమిటీ వాళ్ల వాటా ఎంత తక్కువో తేల్చింది. ఆ చట్టం నేటికీ అమల్లో ఉంది.

అధ్యయనం ఉంటే చట్టం నిలుస్తుందా అని అడగొచ్చు. మన అనుభవం అంత సులువుగా ఒప్పుకోదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2000లో చేసిన ఎస్సీ వర్గీకరణ చట్టం వెనక జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక ఉన్నా, 2004లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అయితే అది పడిపోయింది లెక్కలు లేక కాదు, ఎస్సీలను విభజించే అధికారమే రాష్ట్రాలకు లేదన్న కారణంతో. ఆ అడ్డు 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పుతో తొలగింది. ఇకపై ఇలాంటి చట్టాల భవితవ్యం లెక్కల మీదే ఆధారపడుతుంది.

కులాల వారీగా అంకెలు బయటపెడితే చిచ్చు రేగుతుందన్నది మరో అభ్యంతరం. ధర్మపురి జిల్లాలోనే 2012 నవంబరులో ఒక కులాంతర వివాహం తర్వాత నత్తం కాలనీలోనూ చుట్టుపక్కలా దళితుల ఇళ్లు తగలబెట్టిన ఘటనను గుర్తుంచుకుంటే ఆ భయాన్ని కొట్టిపారేయలేం. కానీ అంకెలు దాస్తే పుకార్లు ఆగవు. ‘మా వాటా వాళ్లు తింటున్నారు’ అన్న మాట వేదికల మీద ఎలాగూ వినబడుతుంది. దాన్ని సరిచూసే కాగితమే ఉండదు.

పత్రం ఉంటే ఓట్ల లెక్క ఆగుతుందని చెప్పను, ఆగదు. అమెరికాలో అయోవా రాష్ట్రం 2008లోనే, శిక్షలకు సంబంధించిన బిల్లులు నల్లజాతివారి వంటి మైనారిటీల మీద ఎలా పడతాయో ముందే చెప్పే పత్రాన్ని తప్పనిసరి చేసింది. తెల్లవారితో పోలిస్తే నల్లవారిని అత్యధిక నిష్పత్తిలో జైళ్లలో పెడుతున్న రాష్ట్రం తనదేనని అంతకు ముందు ఏడాది వచ్చిన నివేదికతో తేలింది మరి. అక్కడా ఆ పత్రం బిల్లును ఆపదు. తెలిసి ఓటేశారా, తెలియక వేశారా అన్న ప్రశ్నకు మాత్రం తావుండదు.

ఇది ఒక్క రిజర్వేషన్ల గొడవే కాదు. 2006 తమిళ అభ్యాస చట్టం పదో తరగతి దాకా తమిళాన్ని మెట్లుమెట్లుగా తప్పనిసరి చేసినప్పుడు, 2004 దాకా ధర్మపురి జిల్లాలోనే ఉన్న హోసూరు ప్రాంతపు తెలుగు బడుల మాటేమిటని ఆ బిల్లు వెంట ఒక్క వాక్యమైనా ఉండాల్సింది. లేకపోబట్టే భాషా మైనారిటీ పిల్లలు మినహాయింపుల కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

తెలంగాణ దగ్గర 2024 కులాల సర్వే లెక్కలున్నాయి, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఎస్సీ వర్గీకరణ కమిషన్ల నివేదికలున్నాయి. రాజ్యాంగం 208వ అధికరణ ప్రకారం సభ తన నియమాలను తానే రాసుకోవచ్చు. ఆర్థిక వివరణ పత్రం పక్కన మరో పేరా చేర్చడానికి రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, ఢిల్లీ అనుమతీ అక్కర్లేదు.