బావికీ మురుగు గుంటకూ మధ్య



గత నెలలో ఒకనాడు అస్ర్ నమాజు అనంతరం పూర్వ విద్యార్థి ఒకడు నా వద్దకు వచ్చి కూర్చున్నాడు. నగర శివారులో కొత్తగా వెలసిన కాలనీలో రెండేళ్ల క్రితం ఇల్లు కొనుక్కున్నాడు. “హజ్రత్, మా బోరు నీరు కొన్ని నెలలుగా వాసన వేస్తోంది. దానితో వుజూ చెల్లుతుందా?” అని అడిగాడు.

నీటిలో నజాసత్ కలిసి దాని రంగు, రుచి, వాసనలలో ఏ ఒక్కటి మారినా ఆ నీరు అపవిత్రమని ఉలమాలు ఏకాభిప్రాయంతో చెప్పారు. మట్టి వల్లనో, ఇనుము వల్లనో, చాలాకాలం నిలవ ఉండడం వల్లనో వచ్చిన మార్పు అయితే అది వేరు. కనుక ముందు నీటిని పరీక్ష చేయించమన్నాను. ఆ తర్వాత, “బేటా, మీ కాలనీ మురుగు ఎక్కడికి పోతుంది?” అని అడిగాను.

“ఎవరి గుంట వారిదే హజ్రత్. నిండితే ట్యాంకరు వచ్చి తోడుకుపోతుంది. అది ఎక్కడ పోస్తుందో మాకు తెలియదు. పక్కనున్న అపార్ట్‌మెంటు వారు మాత్రం రాత్రిపూట చెరువులోకి వదులుతారు” అన్నాడు.

“ఇల్లు కొనేముందు విచారించలేదా?”

“రోడ్డు వెడల్పు చూశాను, మసీదు ఎంత దూరమో చూశాను, బోరులో నీళ్లు పడతాయా అని చూశాను. పోయే నీళ్ల గురించి ఆలోచించలేదు హజ్రత్.”

వుజూ మసలా రెండు నిమిషాలలో తేలింది. ఆ చివరి మాట మాత్రం నన్ను వదలలేదు. ఎందుకంటే మన పూర్వీకులు ఆ పోయే నీళ్ల గురించి చాలా లోతుగా ఆలోచించారు.

బావికీ మురుగు గుంటకూ మధ్య ఎంత ఎడం ఉండాలి? ఫిఖహ్ గ్రంథాలలో ఈ ప్రశ్నపై ప్రత్యేక చర్చే ఉంది. కొందరు ఐదు మూరలన్నారు, కొందరు ఏడన్నారు. నేల మెత్తదనాన్ని, గట్టిదనాన్ని బట్టి ఆ దూరం మారుతుందని, అసలు గీటురాయి బావి నీటిలో కనిపించే మార్పేనని హనఫీ ఫుఖహా తేల్చారు. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో 1869 నుండి 1876 వరకు కూర్చిన ‘మజల్లా’ న్యాయసంహిత 1212వ అధికరణలో ఇంకొక అడుగు ముందుకు వేశారు. ఒకరి బావి సమీపంలో మరొకరు మురుగు గుంటనో, కాలువనో తవ్వి ఆ నీటిని పాడుచేస్తే ఆ హాని తొలగించాలి. తొలగించే మార్గం లేకుంటే ఆ గుంటనే పూడ్చివేయాలి. నా స్థలంలో నేను తవ్వుకున్నానన్న వాదన అక్కడ చెల్లలేదు. హాని కలిగించరాదు, హానికి హానితో బదులివ్వరాదు అని దైవప్రవక్త (స) బోధించిన సూత్రమే దానికి పునాది.

ఆనాడు ఒక గుంట, ఒక బావి. హాని చేసినవారెవరో, నష్టపోయినవారెవరో ఇద్దరికీ తెలుసు. ఈనాటి లెక్క వేరు. మన పట్టణాల నీటి సరఫరాకు మనిషికి రోజుకు 135 లీటర్లు ప్రమాణం. అందులో దాదాపు 80 శాతం మురుగుగా తిరిగి వస్తుంది. 200 ఫ్లాట్లున్న సముదాయంలో ఇంటికి ఐదుగురు చొప్పున వెయ్యి మంది ఉంటే రోజుకు లక్షా ఎనిమిది వేల లీటర్ల మురుగు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు ఇరవైకి పైగా! ఇంత నీటిని ఏ గుంట ఇముడ్చుకుంటుంది?

హైదరాబాదు చరిత్ర చూడండి. 1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తిన తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. వరద నివారణతోపాటు నగర మురుగునీటి పథకాన్నీ ఆయనకే అప్పగించింది. వచ్చే నీటినీ పోయే నీటినీ కలిపి చూడాలన్న వివేకం అందులో ఉంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. తరువాతి దశాబ్దాలలో నగరం పెరిగిన వేగానికి మురుగు కాలువలు వెనకబడ్డాయి. 2021లో తెలంగాణ ప్రభుత్వం 31 కొత్త శుద్ధి కేంద్రాలు మంజూరు చేసే నాటికి నగరంలో రోజుకు సుమారు 1,650 ఎంఎల్‌డీ, అంటే 165 కోట్ల లీటర్ల మురుగు పుడుతుండగా, ఉన్న కేంద్రాల సామర్థ్యం 772 ఎంఎల్‌డీ మాత్రమే. ఇళ్లు ముందు లేచాయి, శుద్ధి కేంద్రాలు వెనుక వచ్చాయి.

అయితే కేంద్రం కట్టినంత మాత్రాన మురుగు శుద్ధి అయినట్లు కాదు. 2021లో వెలువడిన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నివేదిక ప్రకారం దేశంలోని పట్టణాలలో రోజుకు పుట్టే మురుగు 72,368 ఎంఎల్‌డీ. నెలకొల్పిన శుద్ధి సామర్థ్యం 31,841. వాస్తవంగా శుద్ధి అవుతున్నది 20,236. అంటే నూరు చెంబులలో ఇరవై ఎనిమిది! ఇంటి నుండి కేంద్రం దాకా గొట్టం లేకపోయినా, యంత్రాలు నడవకపోయినా సామర్థ్యం కాగితం మీదనే మిగిలిపోతుంది.

మిగిలినది ఎక్కడికి పోతుంది? హైదరాబాదు మురుగు మూసీలో కలిసి యాదాద్రి భువనగిరి, నల్లగొండ, సూర్యాపేట జిల్లాల మీదుగా కృష్ణలో కలుస్తుంది. దారిలో రైతు ఆ నీటితోనే వరి పండిస్తాడు. నది ఒడ్డున పెరిగిన గడ్డిని పాడి పశువులు మేస్తాయి. ఆ పాలు, ఆకుకూరలు తిరిగి మన వంటింటికే వస్తాయి.

నమాజు, రోజా, జకాత్‌లతో ప్రళయదినాన వచ్చి కూడా దివాలా తీసేవాని గురించి దైవప్రవక్త (స) హెచ్చరించారు. అతను ఒకరిని దూషించాడు, మరొకరి సొమ్ము కాజేశాడు, ఇంకొకరిని హింసించాడు. అతని పుణ్యాలన్నీ ఆ బాధితులకు పంచబడతాయి. అవి చాలకుంటే వారి పాపాలు అతని నెత్తిన పడతాయి. హుఖూఖుల్ ఇబాద్, అంటే తోటి దాసుల హక్కులు, హక్కుదారు క్షమిస్తేనే తీరేవి. పొరుగువాడిని నొప్పిస్తే అతని గుమ్మం తట్టి క్షమాపణ కోరవచ్చు. మన మురుగు వల్ల జబ్బుపడిన దిగువ గ్రామం వారిని ఎక్కడని వెతుకుతాం? ఎవరి తలుపు తడతాం?

ఇది ప్రభుత్వం పని కదా అనవచ్చు. నిజమే, గొట్టాలు వేయడం, కేంద్రాలు నడపడం ప్రభుత్వ బాధ్యతే. అయితే చట్టం కన్ను అన్నిచోట్లకూ ఒకే తీరున చేరదు. 2006 నోటిఫికేషన్ ప్రకారం 20,000 చదరపు మీటర్లు, అంతకు మించిన నిర్మాణాలకు ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి. దానికి లోపున్న భవనాలు ఒకే వీధిలో పది లేస్తే వాటి మురుగంతా కలిపి ఒక పెద్ద సముదాయానికి సమానం, కానీ ఆ అనుమతి ఏ ఒక్కదానికీ అవసరం పడదు. ఆ సందులో మన మనస్సాక్షి నిలబడాలి.

ఫ్లాటుకు బయానా ఇచ్చేముందు బిల్డరును అడగండి: మురుగు గొట్టం ఏ లైనులో కలుస్తుంది? ఆ లైను ఏ శుద్ధి కేంద్రానికి పోతుంది? దానిలో మన ఇళ్లకు చోటుందా? భవనానికి సొంత శుద్ధి యంత్రం ఉంటే కరెంటు బిల్లు తగ్గించుకోవడానికి దానిని ఆపివేయకండి. అందులో మురుగును తినే సూక్ష్మజీవులకు గాలి అందకుంటే అవి చనిపోతాయి, నీరు మురుగుగానే బయటపడుతుంది. సెప్టిక్ ట్యాంకు ఉంటే రెండు మూడేళ్లకొకసారి తోడించండి, తోడినదాన్ని శుద్ధి కేంద్రానికే చేర్చే వాహనాన్ని పిలవండి. మసీదు కమిటీ పెద్దలు వుజూ నీటిని మరుగుదొడ్ల నీటితో కలపకుండా మొక్కలకు మళ్లించవచ్చు.

ఆ యువకుడు పోయిన జుమా నాడు మళ్లీ కనిపించాడు. నీటి పరీక్షలో మురుగు కలిసినట్లు తేలిందట. కాలనీవారంతా కూర్చుని, డ్రైనేజీ లైను కోసం దరఖాస్తు పెట్టాలని నిర్ణయించారట. “పక్క అపార్ట్‌మెంటు వారితోనూ మాట్లాడతాం హజ్రత్. కానీ ముందు మా గుంటల సంగతి చూసుకుంటాం” అన్నాడు. నాకు ఆ క్రమమే సరైనదనిపించింది.

మన ఇళ్లలోకి వచ్చే నీటిని అల్లాహ్ శుభప్రదం చేయుగాక. మన ఇళ్ల నుండి పోయే నీరు ప్రళయదినాన మనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పకుండా కాపాడుగాక. ఆమీన్.