మూడవ ప్రశ్న

అమెరికా సంబంధము వచ్చినదనగానే మన యిండ్లలో పుట్టు మొదటి ప్రశ్న వరుని జీతమెంత యని. రెండవది, ఆతనికి ఆ దేశపు పౌరసత్వమున్నదా యని. ఉన్నదని తెలిసినంతనే పెద్దల మనస్సు కుదుటపడును. ఆ కాపురము నిలువని నాడు పిల్ల అక్కడ ఉండగలదా యను మూడవ ప్రశ్నను అడుగువారు అరుదు. పెండ్లిమాటల నడుమ అది అశుభమని తోచును. తీరా ఆ ప్రశ్న ఎదురైన నాడు, జవాబు చెప్పుటకు భర్త యొక్కడే మిగులుచున్నాడు. “నీ కాగితము నా చేతిలో నున్నది, ఎప్పుడైన పంపివేయగలను” అని ఆతడనవచ్చును. అది ఎంతవరకు నిజమో విచారింతము.

కాగితపు పెండ్లిండ్లను అరికట్టుటకై అమెరికా కాంగ్రెసు 1986లో ఒక శాసనము చేసినది. శాశ్వత నివాసము లభించునాటికి వివాహమై రెండేండ్లు నిండనిచో, మొదట దొరకునది రెండేండ్ల గ్రీన్ కార్డు మాత్రమే. ఆ గడువు తీరుటకు ముందు 90 రోజులలో దంపతులిద్దరును కలిసి అర్జీ పెట్టుకొనినచో ఆ షరతు తొలగును. “కలిసి” అను ఆ యొక్క మాటలోనే చిక్కంతయు నున్నది. మోసమును ఆపబోయి, చట్టము భర్త సంతకమునకు బెత్తపు బలమునిచ్చినది.

ఈ దోషమును శాసనకర్తలును గుర్తించిరి. మొదటి శాసనమునందే కొన్ని మినహాయింపులుండెను. 1990లో అవి విస్తృతములైనవి. నేడు భర్త సంతకము లేకయే భార్య అర్జీ పెట్టుటకు ముఖ్యముగా మూడు దారులు కలవు. మనస్ఫూర్తిగా చేసికొన్న వివాహము విడాకులతో ముగిసినదనుట మొదటిది. భర్త కొట్టెననియో, తీవ్రముగా హింసించెననియో చూపుట రెండవది. దేశమునుండి పంపివేసినచో దుర్భరమైన కష్టము కలుగుననుట మూడవది. ఈ అర్జీలకు 90 రోజుల నియమము లేదు.

గ్రీన్ కార్డు ఇంకను రాకమునుపే కాపురము చెదరినచో కష్టము అధికము. విడాకులైనంతనే ఆ దారి సాధారణముగా మూసికొనిపోవును. చదువో, ఉద్యోగమో మరియొక ఆధారము వెదకికొనవలెను. కాని హింసకు గురియైన స్త్రీకి 1994 నాటి చట్టము వేరొక ద్వారము తెరచినది. ఆమె భర్తకు తెలియకుండ తనంతట తానే అర్జీ పెట్టవచ్చును. ఆ హింస కారణముగా విడాకులైనను, రెండేండ్లలోపల ఈ హక్కు నిలిచియుండును. అర్జీ సంగతి బయటపెట్టరాదనియు, హింసించినవాని మాట నొక్కదానినే నమ్మి ఆమెకు ప్రతికూలముగా తీర్పు చెప్పరాదనియు 1996లో శాసించిరి. పదేండ్ల కార్డు వచ్చినవారికి విడాకులు మాత్రమే కారణముగా నివాసము పోదు. పౌరసత్వమునకు మూడేండ్లకు బదులు సాధారణముగా అయిదేండ్లు వేచియుండవలెను. ఇంతవరకు భార్య యని వ్రాసితిని గాని, పౌరురాలిని పెండ్లాడిన పురుషునికిని ఇవియే నియమములు.

కావున భర్త బెదరింపు చాలవరకు అసత్యము. అయినను అది పారుచున్నది. ఏలన, వివాహము నిజమైనదని అర్జీదారే రుజువు చేయవలెను. ఉమ్మడి బ్యాంకు ఖాతా, ఇద్దరి పేర అద్దె ఒప్పందము, కలిసి దాఖలు చేసిన పన్ను పత్రములు, బిడ్డల జనన పత్రములు సాక్ష్యములు. భార్యను అణచియుంచు యింట ఖాతా ఎవరి పేర నుండును? ఒప్పందము ఎవరి బీరువాలో నుండును? ఎవరికి చట్టము మిక్కిలి అవసరమో, వారియొద్దనే కాగితములు మిక్కిలి తక్కువ. హింసకు గురియైనవారి విషయమున నమ్మదగిన యే సాక్ష్యమునైనను పరిశీలింపవలెనని చట్టము చెప్పుచున్నది. పొరుగువారి ప్రమాణ పత్రము, వైద్యుని చీటీ అక్కరకు వచ్చును. ఆ సంగతి తెలియని దానికి చీటీ దాచుకొనవలెనని తోచదు.

ఉపాధ్యాయులు చేయదగిన పని యొకటి ఇచట నున్నది. దరఖాస్తును తానే చదివి నింపుట, చదువక సంతకము చేయకుండుట, ప్రతి పత్రమునకు నకలు తనయొద్ద నుంచుకొనుట బాలబాలికలకు బడిలోనే అలవరుపవలెను. పెద్దలు మూడవ ప్రశ్నను పెండ్లికి ముందే అడుగవలెను. అది అశుభము కాదు. సారె పెట్టెలో చీరలతో పాటు పిల్ల పత్రముల నకళ్ళును పెట్టి పంపుడు. మరియొక జత పుట్టింట నుండనిండు.