బాడీ మారిస్తే కిరాయి మారుతదా?

పాతబస్తీలో నా దగ్గర చదువుకునే పిల్లల్లో లారీ, డీసీఎం డ్రైవర్ల బిడ్డలున్నారు. "కిరాయిలు పడిపోయినయి సార్, నాయిన ఓపెన్ బాడీ తీసేసి కంటైనర్ కట్టిస్తానంటున్నడు" అన్న మాట ఈ మధ్య తరచూ వింటున్నాను.

లెక్క చూద్దాం. బండి మొత్తం బరువుకు చట్టం పెట్టిన హద్దు ఒక్కటే. కంటైనర్ బాడీ ఎంత బరువు పెరిగితే అంత లోడు తగ్గుతుంది. పార్సిళ్లకు, అట్టపెట్టెల సరుకుకు అది మేలే. కానీ ఇనుము, సిమెంటు లోడ్లు చేజారతాయి. బాడీ కట్టే రోజుల్లో బండి ఆగుతుంది, ఈఎంఐ ఆగదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆ మార్పును ఆర్సీలో ఎక్కించాలి.

ఇంత చేసినా మారనిది ఒకటుంది. లోడు ఎవరి చేతిలో ఉంది? గోదాముల్లో, బ్రోకర్ల దగ్గర, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు కుర్చీల్లో మనోళ్లెందరు? 2021లో మొదలైన దళితబంధు కుటుంబానికి 10 లక్షలన్నది. చాలామంది బండ్లే కొన్నారు. స్టీరింగు చేతికొచ్చింది, కిరాయి చెప్పే నోరు రాలేదు. తూము ఇంకొకరి చేతిలో ఉంటే మడి మనదై ఏం లాభం?

అందుకే, ఏడాది పొడుగునా లోడు ఇస్తామని రాతలో ఉంటేనే బాడీ మార్చాలి. దళిత, ముస్లిం డ్రైవర్లు పది బండ్లు కలిపి సంఘం కట్టి గోదాములతో నేరుగా మాట్లాడాలి. డీజిల్ పెరిగితే కిరాయి పెరగాలని రాయించుకోవాలి. పౌర సరఫరాల బియ్యం మోసే టెండర్లలో ఆ సంఘాలకు వాటా అడగాలి. బండి ఇచ్చి చేతులు దులుపుకుంటే కుదరదు, లోడులో వాటా కావాలి.

విద్యార్థులారా, మీ బస్తీలో ఈ లెక్క చెప్పండి. జై భీమ్.